ఖాళీ ప్లేటు కనపడకూడదు

విందుల్లో ఎక్కడ నిలబడాలో తెలియని మనిషికి తిండి బల్లను మించిన ఆశ్రయం ఇంకోటి లేదు. దాని పక్కన నిలబడితే ఏదో పని మీద ఉన్నట్టే కనిపిస్తాం. ఎవరూ వచ్చి జాలిపడరు. ఒకవేళ జాలిపడదామని వచ్చినా, నోట్లో ఇంత పెట్టుకుంటే చాలు, జవాబు చెప్పే బాధ తప్పుతుంది. లిఫ్టు బావ ఈ సంగతి ఆ సాయంత్రమే కనిపెట్టాడు. హాల్లోకి అడుగుపెట్టింది మొదలు ఆ బల్లను అంటిపెట్టుకునే ఉన్నాడు.

లిఫ్టులు బాగుచేయడం అతని ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో మరదలు సరదాకి ఒకసారి "లిఫ్టు బావా" అంది. అంతే, అత్తవారి వైపు చిన్నా పెద్దా అందరికీ అతను లిఫ్టు బావే అయిపోయాడు. చేతికి అంటిన గ్రీజయినా సబ్బుతో పోతుంది గాని ఆ పేరు పోలేదు. మొదట్లో కాస్త ఉడుక్కునేవాడు. ఈమధ్య మాత్రం ఆ పేరుతో పిలిచేవాళ్ళు తగ్గిపోతున్నారని దిగులు పట్టుకుంది.

ఏడాది చివర సెలవులిచ్చే ముందు కంపెనీవాళ్ళు ఉద్యోగులను కుటుంబాలతో సహా పిలిచి భోజనం పెడతారు. అదివరకు భార్య వెంట వచ్చేది. ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేది, ఇద్దరి నవ్వూ ఆవిడే నవ్వేది. అతను పక్కన నిలబడి తలూపితే సరిపోయేది. ఆవిడ పోయి రెండేళ్ళు కావస్తోంది. తలూపుదామన్నా పక్కన ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి కదా.

ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ సెలవుల్లో ఒకరోజు ఆవిడ తమ్ముడూ, చెల్లెలూ పిల్లాజెల్లాతో వీళ్ళింటికి భోజనానికి వచ్చేవారు. వచ్చేవారనడం మర్యాదకు గాని, నిజానికి దిగబడేవారు. మధ్యాహ్నం భోజనం పొద్దువాలితే గాని మొదలయ్యేది కాదు. ఆవిడ కబుర్లలో పడి ఏదో ఒక గిన్నె మాడ్చేది. ఉప్పు వేశానా లేదా అని వచ్చినవాళ్ళనే రుచి చూడమనేది. ఒకళ్ళ చేతికి కత్తిపీట, ఒకళ్ళ చేతికి కవ్వం అప్పగించి, తను మాత్రం తమ్ముడితో వాదన పెట్టుకునేది. తమ్ముడు వంటింట్లో స్టవ్ పక్కన నేల మీద చతికిలబడితే, ఇక అక్కాతమ్ముళ్ళను కదిలించడం ఎవరి తరమూ కాదు. తినడం మాత్రం ఎక్కడ చోటు దొరికితే అక్కడ. మంచం మీద కొందరు, గుమ్మంలో కొందరు. తిన్న ప్లేట్లు ఒళ్ళోనే పెట్టుకుని, కడుక్కోని చేతులు ఎండిపోయి బిగుసుకుపోయేదాకా మాట్లాడుకుంటూనే ఉండేవారు. "ఈ ఇంట్లో ఒక పద్ధతీ పాడూ లేదు" అని లిఫ్టు బావ ఏటేటా సణుక్కునేవాడు. ఆ సణుగుడు కూడా విందులో ఒక వంటకమేనని పిల్లలు నవ్వుకునేవారు.

ఆవిడ పోయాక నిరుడు ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు. ఈసారి మాత్రం బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, ఈ ఏడు అందరం మా ఇంట్లో కలుద్దామా? ఒక్కడివీ ఏం అవస్థ పడతావు?"

మంచి మాటే. కానీ లిఫ్టు బావకు గుండెలో కలుక్కుమంది. ఆ భోజనం ఒకసారి ఇల్లు దాటిందంటే మళ్ళీ తిరిగి రాదు. ముందు తను వాళ్ళింటికి అతిథిగా వెళ్తాడు. కొన్నాళ్ళకు పిలుపు ఆలస్యంగా వస్తుంది. ఇంకొన్నాళ్ళకు పిలవడం మర్చిపోయినా, ఎవరినీ తప్పుపట్టడానికి ఉండదు. అక్కే లేనప్పుడు అక్క మొగుడు ఏమవుతాడు? ఆ మాట ఎవరూ పైకి అనరు, అంతే తేడా.

"వద్దు. ఇక్కడే పెడతాను. అందరూ ఇక్కడికే రండి" అనేశాడు.

"సరే, ఈసారికి అలాగే కానిద్దాం. నీకు ఇబ్బందిగా ఉంటే పై ఏడు నుంచి చూద్దాంలే" అన్నాడు బావమరిది.

ఫోన్ పెట్టేశాక గాని తెలియలేదు, తలకెత్తుకున్న పని ఎంతటిదో. అన్నం వండగలడు. ఒక కూర తంటాలు పడి చేయగలడు. తక్కినవి దగ్గర్లోని మెస్సు నుంచి తెప్పించవచ్చు. వంట సరే, వచ్చినవాళ్ళను ఆదరించడం ఎలా? "తిను, ఇంకాస్త వేసుకో, అప్పుడే లేస్తావేం" అనే మాటలు అతని నోటికి ఏనాడూ తిరగలేదు. ఈ బెంగతోనే కంపెనీ విందుకు వచ్చాడు.

తిండి బల్లను అంటిపెట్టుకుని నిలబడ్డవాడు కాసేపటికి దాన్ని చూడడం మొదలుపెట్టాడు. లిఫ్టులు చూసే మనిషికి జనం ఎక్కడ ఆగుతారో, ఎక్కడ తోసుకుంటారో ఇట్టే తెలిసిపోతుంది. ఇక్కడ తోపులాట లేదు. హాలు నిండా జనం ఉన్నా, ఎవరూ ఎవరి వెనకా విసుక్కుంటూ నిలబడలేదు. ఎందుకా అని చుట్టూ తిరిగి చూశాడు. బల్లను గోడకు ఆనించలేదు. మధ్యలో వేశారు. రెండు వైపులా జనం నడుస్తూ వడ్డించుకుంటున్నారు. కొన్ని పళ్ళేలు ఎత్తులో, కొన్ని పల్లంలో ఉన్నాయి. ఆ ఎత్తు ఎలా వచ్చిందో అర్థం కాక, చుట్టూ ఓసారి చూసి, మోకాళ్ళ మీద కూర్చుని బల్లమీది గుడ్డ అంచు ఎత్తి లోపలికి తొంగిచూశాడు.

"ఏమన్నా పడిపోయిందా సార్?"

వెనక నల్లకోటు వేసుకున్న ఒకావిడ. వడ్డన చేసేవాళ్ళందరికీ పెద్ద అని ఆవిడ నిలబడిన తీరే చెబుతోంది. లిఫ్టు బావకు దొంగతనంలో దొరికిపోయినట్టయింది.

"ఏం లేదమ్మా. ఈ ఎత్తు దేని మీద నిలబెట్టారా అని."

ఆవిడ నవ్వింది. "కూరగాయల పెట్టెలు సార్. తిరగేసి గుడ్డ కప్పేశాం. అందరూ పైన ఏముందో చూస్తారు, కింద చూసినవాళ్ళు మీరే."

ఆవిడకూ ఎవరితోనో ఒకరితో మాట్లాడాలని ఉన్నట్టుంది. ఎవరైనా తన పని గురించి అడిగితే ఎవరికి చేదు? బల్ల చుట్టూ తిప్పి మరీ చెప్పింది. ప్లేట్లు మొదట్లో ఉండాలి, చెంచాలు చివర్లో ఉండాలి. ముందే చెంచా చేతికిస్తే వడ్డించుకోవడానికి ఆ చెయ్యి ఖాళీ ఉండదు. మంచినీళ్ళు బల్ల మీద పెట్టకూడదు, దూరంగా ఇంకోచోట పెట్టాలి. లేకపోతే తాగినవాడు అక్కడే పాతుకుపోతాడు. పళ్ళెం సగమయ్యేసరికి నిండుది తెచ్చి పెట్టాలి, అడుగు కనపడకూడదు. అడుగున వేడినీళ్ళ తొట్టి, దాని కింద చిన్న మంట ఉంటే కూర చల్లారదు. తీపిని పెద్ద గిన్నెలో పెడితే మొహమాటపడి తీసుకోరు, చిన్న చిన్న గ్లాసుల్లో పోసి పెడితే పెద్దమనుషులు కూడా రెండేసి ఎత్తుకుపోతారు.

"అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకోటుంది సార్. ఖాళీ ప్లేటు కనపడకూడదు. తినడం అయిందా, ప్లేటు చేతిలోంచి తీసేసుకోవాలి. కుర్చీలు కూడా గోడ వారగా కాసినే వెయ్యాలి."

"కూర్చోవద్దా మరి?"

"కూర్చుంటే లేవరు కదా. హాలు మేం టైముకి ఖాళీ చేసి ఇచ్చేయాలి. పొమ్మని అనకుండా పంపించాలి, వాళ్ళు సంతోషంగానే పోవాలి. మా పనంతా అదే."

చివరి మాట లిఫ్టు బావ చెవిన పడింది గాని బుర్రకెక్కలేదు. అప్పటికే అతని బుర్ర ఇంట్లో భోజనాల బల్లను గోడ నుంచి జరిపే పనిలో ఉంది. ఎవరినీ బతిమాలక్కర్లేదు. "ఇంకాస్త" అనక్కర్లేదు. ఆ అనడమంతా బల్లే చూసుకుంటుంది. అన్నాళ్ళూ ఈ కిటుకు తెలియక ఇంటావిడ అంత హైరానా పడింది పాపం, అనుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆవిడను తలుచుకుంటే ఏడుపు రాకుండా ఆవిడ మీద జాలి వచ్చింది. ఆ రాత్రి తిన్న అన్నం ఒంటికి పట్టింది.

సెలవుల ముందు రోజులన్నీ ఇదే ధ్యాస. పని నుంచి వచ్చి తాళం తీయగానే చొక్కా కూడా విప్పకుండా రంగంలోకి దిగేవాడు. పెళ్ళయినప్పటి నుంచీ గోడకు అతుక్కుని ఉన్న భోజనాల బల్లను గది మధ్యకు లాగాడు. కూరగాయల పెట్టెలకు బదులు లిఫ్టు సామాన్ల పెట్టెలు తెచ్చి తిరగేశాడు. కప్పడానికి భార్య దాచిపెట్టిన మంచి దుప్పటి ఒకటి తీసి, ఒక్క క్షణం దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, మళ్ళీ లేచి బల్ల మీద పరిచేశాడు. వేడినీళ్ళ తొట్టి కోసం పనిముట్లు కడిగే రేకు పళ్ళెం తోమి తోమి అద్దంలా చేశాడు. దాని కింద కొవ్వొత్తులు. మంట ఎంత ఎత్తులో ఉంటే నీళ్ళు పొగలు కక్కుతాయో, ఎంతలో ఉంటే ఊరికే వెచ్చగా ఉంటాయో చూసుకున్నాడు. బజారంతా గాలించి చిన్న గ్లాసులు కొనుక్కొచ్చాడు.

అంతా అమర్చాక నడిచి చూడాలి కదా. ప్లేటు పట్టుకుని తనే అతిథిగా బయలుదేరాడు. ఉత్త గిన్నెల్లోంచి ఉత్త గరిటెతో వడ్డించుకున్నాడు. బల్ల మూల తొడకు కొట్టుకుంది. కొంచెం జరిపి మళ్ళీ తిరిగాడు. అవతలి వైపు నుంచి ఇంకో అతిథి వస్తే ఎదురుపడతారా అని, ఆ ఇంకో అతిథి కూడా తనే అయి అటు నుంచి వచ్చాడు. ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకు ఒదిగాడు కూడా. సరిగ్గా అప్పుడే అద్దంలో తన వాలకం కనపడింది. ఖాళీ ఇంట్లో ఖాళీ ప్లేటు పట్టుకుని, లేని మనిషికి దారి ఇస్తూ ఒంటికాయ సొంటికొమ్ములా నిలబడ్డ ఆ మనిషిని చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. అతనికీ తరుక్కుపోయింది. ప్లేటు బల్ల మీద పెట్టేసి, చాలాసేపు ఏ పనీ చేయలేదు.

తర్వాత లేచి కుర్చీలన్నీ పడకగదిలోకి చేరవేశాడు.

ఆ రోజు రానే వచ్చింది. మధ్యాహ్నానికి ముందే బావమరిది కుటుంబం, వాళ్ళ వెనకే మరదలు, ఆవిడ భర్త, పిల్లలు దిగారు. బావమరిది కార్లు నడపడం నేర్పే బడి నడుపుతాడు. మరదలు మందుల దుకాణంలో పనిచేస్తుంది. గదిలోకి రాగానే అందరూ నోరెళ్ళబెట్టారు. మధ్యలో బల్ల, ఎత్తుపల్లాలుగా పళ్ళేలు, పొగలు కక్కే కూరలు, బారులు తీరిన చిన్న గ్లాసుల్లో తీపి.

"ఇది మన ఇల్లేనా అన్నయ్యా?" అంది బావమరిది భార్య.

లిఫ్టు బావ ముఖం వెలిగిపోయింది. "మొదలు ఇటు. ప్లేటు ఇక్కడ తీసుకోండి, చెంచా చివర్లో" అని దారి చూపించాడు.

మరదలు అలవాటుగా చేతిసంచీ గుమ్మం పక్కన పడేసి, చీరకొంగు నడుముకు దోపుకుంటూ వంటింటి వైపు నడిచింది. "నేనేం చెయ్యను బావా? పెరుగు చిలకనా?"

"నువ్వేం ముట్టుకోకు. అన్నీ అయిపోయాయి. హాయిగా తిను."

"గ్లాసులన్నా కడుగుతాను."

"కడిగేశాను. నువ్వు అతిథివి ఇవాళ."

మరదలు వంటింటి గుమ్మంలోనే ఆగింది. అక్కడి నుంచి లోపలికి ఓసారి చూసింది. తళతళలాడే గట్టు, బోర్లించిన గిన్నెలు. దోపిన కొంగు మెల్లిగా విప్పుకుని వెనక్కి వచ్చి బల్ల దగ్గర వరసలో నిలబడింది.

విందు నూనె వేసిన లిఫ్టులా నడిచింది. ఒక్కరూ ఒక్కరికి అడ్డం రాలేదు. ఉప్పు కావాలని ఎవరూ అరవలేదు, ఉప్పు ఉండాల్సిన చోట ఉంది. పిల్లలు చిన్న గ్లాసులు రెండేసి పట్టుకుని పరుగులు తీశారు. నల్లకోటావిడ చెప్పినట్టే జరుగుతుంటే లిఫ్టు బావ లోలోపల పొంగిపోయాడు. కూర సగమయ్యేసరికి నిండు గిన్నె తెచ్చాడు. ఎవరి ప్లేటు ఖాళీ అయితే వాళ్ళ పక్కన ప్రత్యక్షమై, "ఇటివ్వండి" అని తీసుకుపోయి కడిగేశాడు. బావమరిది మాత్రం ప్లేటు పట్టుకుని బాల్కనీ తలుపు దగ్గరే నిలబడి బయటికి చూస్తూ తిన్నాడు. ఎండ బాగుందేమో అనుకుని, అతని ప్లేటు కూడా పట్టుకుపోయాడు.

వంటింట్లో ఆఖరి ప్లేటు తుడిచి గదిలోకి వచ్చేసరికి అందరూ నిలబడే ఉన్నారు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. చేతుల్లో ఏమీ లేని మనుషులు మాటలు ఎలా మొదలుపెట్టాలో తెలియక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. తోడల్లుడు గడియారం చూసుకున్నాడు.

"ఇంత సుఖంగా ఎప్పుడూ తినలేదు అన్నయ్యా. ఒక హడావిడి లేదు, అరుపుల్లేవు" అన్నాడు.

"అన్నయ్య హోటలు పెట్టేయొచ్చు" అంది బావమరిది భార్య.

"పెదనాన్నా, గ్లాసులు ఇంటికి పట్టుకెళ్ళొచ్చా?" అని అడిగింది మరదలు కూతురు. నిజమైన మెచ్చుకోలు అదొక్కటే.

బావమరిది బాల్కనీ తలుపు దగ్గర నుంచి వచ్చాడు. "నిజంగా బాగా చేశావు బావా. ఇలాగైతే మనం ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఇంట్లోనే ఎందుకసలు? పై ఏడు అందరికీ మధ్యలో ఏదన్నా హాలు మాట్లాడదాం. వడ్డించేవాళ్ళను పెడితే ఇదంతా వాళ్ళే చేసేస్తారు. నీకూ ఈ చాకిరీ తప్పుతుంది."

"అది బాగుంది" అన్నాడు తోడల్లుడు.

"పిల్లలకి ఆడుకోవడానికి చోటుంటుంది" అంది బావమరిది భార్య.

లిఫ్టు బావ ఇది ఊహించనే లేదు. వంట మాడి, అందరూ ముఖాలు చిట్లించుకుని ఉంటే ఇంత దెబ్బ తగిలేది కాదు. అప్పుడు కనీసం పై ఏడు ఇంకా బాగా చేస్తానని అనొచ్చు. ఇంతకన్నా బాగా ఏం చేస్తాడు?

"నువ్వేమంటావు బావా?" అంది మరదలు. ఆ అమ్మాయి ఒక్కతే అతని మొహంలోకి చూసి అడిగింది.

ఇన్నేళ్ళ మొహమాటం ఒక్క నిమిషంలో ఎక్కడికి పోతుంది? "మంచిదే కదా" అన్నాడు.

ఇంకా ఎండ నడినెత్తి నుంచి దిగనే లేదు. అందరూ సంచులు సర్దుకున్నారు. సాగనంపడానికి అతనూ వాళ్ళతో లిఫ్టు ఎక్కాడు. తలుపులు మూసుకున్నాయి. కిందికి దిగుతుంటే, ఎప్పుడూ ఆలస్యంగా వెలిగే దీపంలా, అతనికి నల్లకోటావిడ ఆఖరి మాట బుర్రకెక్కింది. పొమ్మని అనకుండా పంపించడం. తను ఇంతసేపూ చేసింది అదే. కుర్చీలు దాచేశాడు. చేతిలో ప్లేట్లు లాక్కున్నాడు. మరదలు పని చేస్తానని బతిమాలితే అతిథివి పొమ్మన్నాడు. సొంతవాళ్ళను పిలిచి మరీ, వచ్చినంత వేగంగా తరిమేశాడు. ఇంత తెలివితక్కువవాడు లోకంలో ఉంటాడా? తనను తనే చెంపలు వాయించుకోవాలనిపించింది.

కింద మరదలు వాళ్ళ బండి ముందు వెళ్ళిపోయింది. బావమరిది పిల్లలు కారెక్కేశారు.

"ఇంకాసేపు ఉండండి" అన్నాడు లిఫ్టు బావ.

ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. ఎలా పలకాలో తెలియక కాస్త కటువుగా పలికాడు కూడా.

"పిల్లలు ఎక్కేశారు బావా" అన్నాడు బావమరిది.

"దించు."

బావమరిది తెల్లబోయి, అతని మోచెయ్యి పట్టుకుని కారుకు దూరంగా, గోడ పక్కకు తీసుకెళ్ళాడు. "ఏమైంది? హాలు సంగతి నీకు నచ్చలేదా? పైన మంచిదే అన్నావుగా?"

"మొహమాటానికి అన్నాను. హాలు గీలు ఏం వద్దు. మీరు ఇక్కడికే రావాలి. ఇవాళ చేసినట్టు చెయ్యను. ఏమీ చెయ్యను అసలు. మీరే వచ్చి వండుకోండి. గిన్నెలు మాడ్చుకోండి. పొద్దుపోయేదాకా తినకండి. ప్లేట్లు ఎక్కడివక్కడ పడేయండి, నేను కళ్ళెత్తి చూడను. ఒట్టు." రెండేళ్ళలో అతను ఒక్క గుక్కలో ఇన్ని మాటలు ఆడలేదు. "నాకు తెలియలేదు. ఎక్కడో చూసి నేర్చుకున్నాను. అది మీరుండే పద్ధతి కాదు, పోయే పద్ధతి. నాకు ఇప్పుడు తెలిసింది."

బావమరిది నేల చూపులు చూశాడు.

"నువ్వు చేసిందాంట్లో ఏం తప్పు లేదు బావా. భోజనం బాగుంది. అది కాదు. హాలనే మాట ఇవాళ పుట్టింది కాదు. అంతకుముందు మా ఇంట్లో అన్నది కూడా నీ శ్రమ చూసి కాదు. అక్క లేని ఇంట్లో నాకు కాలు పెట్టబుద్ధి కాదు. ఇవాళ వచ్చిన దగ్గర్నుంచీ వంటింటి వైపు చూడలేదు నేను. ఎప్పుడు బయటపడదామా అని బాల్కనీ తలుపు దగ్గరే నిలబడ్డాను. నువ్వు ప్లేటు తీసుకుంటే హమ్మయ్య అనుకున్నాను."

తప్పంతా బల్లదీ, కుర్చీలదీ అనుకుని ఇంతసేపూ లిఫ్టు బావ లోపల్లోపల విప్పదీసి చూసుకుంటున్నాడు. చెడిపోయింది అక్కడ కాదు. ముందు అయ్యో అనిపించింది. అయ్యో అనిపించిన మరుక్షణమే, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీకు కాలు పెట్టబుద్ధి కాదు. సరే. అందుకని హాలు మాట్లాడుకుంటావు" అన్నాడు. "నాకు బుద్ధి పుడుతోందనుకున్నావా? రోజూ పని నుంచి వచ్చి, తాళం తీసి, ఆ ఇంట్లోకే కదా కాలు పెడుతున్నాను. ఆ వంటింట్లోనే కదా నీళ్ళు కాచుకుంటున్నాను. నాకెవరు మాట్లాడతారయ్యా హాలు?"

కార్లో పిల్లలు హారన్ కొట్టారు. ఆడుతూ కొట్టారు, ఒకసారి, మళ్ళీ ఒకసారి. బావమరిది ఉలిక్కిపడి కారు దగ్గరికి వెళ్ళాడు. కిటికీలోకి వంగి భార్యతో ఏదో చెప్పాడు. ఆవిడ ఇటు తిరిగి చూసింది. ఏమీ అడగకుండా దిగి, చుట్టూ తిరిగి వచ్చి, నడిపే సీట్లో కూర్చుంది. కారు గేటు దాటి వెళ్ళిపోయింది. బావమరిది మాత్రం వెళ్ళలేదు.

ఇద్దరూ లిఫ్టు ఎక్కారు. పైకి వచ్చాక లిఫ్టు బావ తాళం తీసి, తలుపు తోసి, లోపలికి వెళ్ళకుండా పక్కకు తప్పుకున్నాడు. బావమరిది గుమ్మం దాకా వచ్చాడు. చెయ్యి తలుపు చట్రం మీద వేశాడు. ఇక అక్కడ అతని వల్ల కాలేదు. తల ఆ చేతికే ఆనించుకుని, వయసూ సిగ్గూ మరిచిపోయి, చిన్నపిల్లాడిలా గొల్లుమన్నాడు. పక్కింటి తలుపు తెరుచుకుని, వాళ్ళను చూసి, చప్పుడు లేకుండా మళ్ళీ మూసుకుంది.

అక్క పోయిన రోజున అందరినీ ఓదార్చుతూ తిరిగినవాడు అతనే. అప్పుడు కూడా ఇలా ఏడవలేదు. ఊరుకోమని అనడానికి లిఫ్టు బావ నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. ఈ రెండేళ్ళలో ఆ ఇంట్లో ఆవిడ కోసం తను కాక ఇంకో మనిషి ఏడవడం అదే మొదటిసారి. తలుపు మూసుకుపోకుండా కాలు అడ్డం పెట్టి, అతని ఏడుపు తీరేదాకా పక్కనే నిలబడ్డాడు.